రాధాకృష్ణన్ సంతకం

సెప్టెంబరు 5 వచ్చిందంటే మా తిరుపతిలో ఏ బడికి పోయినా సర్వేపల్లి రాధాకృష్ణన్ పటానికి బంతిపూల దండ ఉంటుంది. ఆయన ఎంత గొప్ప గురువో చెబుతూ ఒక ఉపన్యాసం, పిల్లలకు చాక్లెట్లు, అంతటితో సరి. రాష్ట్రపతిగా ఆయన గడిపిన ఐదేళ్లు ఒక్క వాక్యంలో దాటిపోతాయి. నాకు ఆసక్తి ఆ ఐదేళ్ల మీదే.

ముందు ఆయన పుట్టిన ఊరి సంగతి. పుత్తూరు, నగరి దాటాక వచ్చే తిరుత్తణి ఇప్పుడు తమిళనాడు. ఆడికృత్తికకు మనవాళ్లు కావళ్లెత్తుకుని పోయే కొండ అదే. 1888లో ఆయన పుట్టేనాటికి అది ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది. 1896లో ఆయన చేరింది తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో. ఏడుకొండలవాడి పాదాల దగ్గర క్రైస్తవ బడి! ఆ తర్వాత వేలూరు, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అక్కడి మిషనరీలు హిందూమతాన్ని తప్పుబడుతుంటే, వాళ్లకు జవాబు చెప్పాలన్న పట్టుదలతోనే వేదాంతం లోతుగా చదివారు. అవతలివాడి విమర్శను చెవిన పెట్టుకోవడం ఆయనకు అలా అబ్బింది.

తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1956లో లోక్‌సభ స్పీకరయ్యారు. అప్పటికే రాజ్యసభ ఛైర్మన్ కుర్చీలో రాధాకృష్ణన్ ఉన్నారు. అంటే తిరుత్తణి చెయ్యి జారేదాకా, పార్లమెంటు రెండు సభలకూ పెద్దలు చిత్తూరు జిల్లావాళ్లే. ఈ ముచ్చట మనమెందుకు గొప్పగా చెప్పుకోమో నాకు అర్థం కాదు.

ఇక ఆ ఐదేళ్ల సంగతికొస్తే, పోల్చి చూడ్డానికి అమెరికా చరిత్రలో జాన్ ఆడమ్స్ అని ఒకాయన ఉన్నాడు. కుర్రతనంలో బడిపంతులు, తర్వాత లాయరు, లండన్‌లో రాయబారి, దేశానికి మొదటి ఉపాధ్యక్షుడు, 1797లో రెండో అధ్యక్షుడు. మనాయన ఆచార్యుడు, మాస్కోలో రాయబారి, 1952లో మొదటి ఉపరాష్ట్రపతి, 1962 మే 13న రెండో రాష్ట్రపతి. మెట్లు దాదాపు అవే. ఆడమ్స్‌కున్నంత అధికారం మన రాష్ట్రపతికి లేదు, నిజమే. అయినా సంతకం అనేది ఇద్దరికీ ఉంది.

1798లో ఆడమ్స్ రాజద్రోహ చట్టం మీద సంతకం పెట్టాడు. ప్రభుత్వాన్ని, అధ్యక్షుణ్ణి దుయ్యబట్టిన పత్రికలవాళ్లు జైలుకు పోయారు. ఆ మచ్చను అమెరికా చరిత్రకారులు ఈనాటికీ ఎత్తిచూపుతూనే ఉంటారు.

చైనా యుద్ధం నడుస్తుండగా 1962 అక్టోబరు 26న రాధాకృష్ణన్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అప్పటికి అది తప్పనిసరి పనే. కానీ నవంబరులో కాల్పులు ఆగినా అత్యవసరం మాత్రం ఆగలేదు. దాని అండతోనే భారత రక్షణ నిబంధనల కింద విచారణ లేకుండా మనుషుల్ని లోపలేశారు. 1964 చివర్లో పుచ్చలపల్లి సుందరయ్యతో సహా మార్క్సిస్టు నాయకులెందరినో అలాగే నిర్బంధించారు. సుందరయ్యది నెల్లూరు జిల్లా అలగానిపాడు. రాధాకృష్ణన్ ఇంటిపేరులో ఉన్న సర్వేపల్లీ నెల్లూరు జిల్లాదే. ఆడమ్స్ చట్టం ఆయన పదవి దిగడానికి ముందురోజే గడువు తీరిపోయింది. మనాయన పెట్టిన సంతకం ఆయన దిగిపోయాక కూడా నడిచి, 1968 జనవరిలో గానీ రద్దు కాలేదు.

మంత్రివర్గం సలహా ప్రకారమే కదా సంతకం పెట్టేది అంటారు. రాజ్యాంగం మాట అదే. నెహ్రూ, శాస్త్రి పదవిలో ఉండగానే పోతే, రెండుసార్లూ పాలన తడబడకుండా కొత్త ప్రధానుల చేత ప్రమాణం చేయించింది కూడా ఆయనే. పైగా ఆయన మూగబొమ్మ కాదు. 1967 గణతంత్ర దినోత్సవ సందేశంలో దేశ వనరులను ప్రభుత్వం నిర్వహిస్తున్న తీరును అందరూ వినేలా కడిగేశారు. ఎన్నికల ముంగిట, సొంత ప్రభుత్వాన్ని! అంత నోరున్న మనిషి అత్యవసరం ఎత్తేయమని కూడా అంతే గట్టిగా అని ఉండాల్సింది. ఆయన మీద నా ఫిర్యాదు అదొక్కటే. బడిపిల్లలకు ఆ సందేశమూ చెప్పాలి, ఈ ఫిర్యాదూ చెప్పాలి. దండ వేసినంత మాత్రాన నోరు కట్టుకోనక్కర్లేదు.

1975 ఏప్రిల్ 17న ఆయన మద్రాసులో కన్నుమూశారు. ఆ జూన్ 25 రాత్రి మరో రాష్ట్రపతి అలాంటి అత్యవసర ప్రకటన మీదే సంతకం పెట్టారు. అప్పుడైతే సంతకానికి ముందు మంత్రివర్గం సలహా కూడా లేదు, ప్రధాని సలహా ఒక్కటే.