ఇల్లు కదలవచ్చు, హక్కు కదలరాదు
ముంపు పట్టణాల నివాసంపై సిద్దిపేట ప్రణాళిక

పీఠిక

సిద్దిపేట నది ఒడ్డున వెలసిన పట్టణం కాదు. అయినా ముంపు భయం దానికి తప్పలేదు. దక్కను పీఠభూమిలోని అనేక ఊళ్లవలెనే ఇక్కడి నీటి వ్యవస్థ గొలుసుకట్టు చెరువులపై, అనగా ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ మిగులు నీరు కాలువ వెంట దిగువ చెరువుకు చేరే ఏర్పాటుపై ఆధారపడి ఉన్నది. ఆ కాలువను పూడ్చి గోడలు లేపినచోట, చెరువు నిండినప్పుడు మునిగే శిఖం భూమిని ప్లాట్లుగా కోసినచోట, నీరు వీధినే కాలువగా చేసుకొని పారుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తిన తరువాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలసినా, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ కాలనీలను రోజుల తరబడి నీటిలో నిలిపిన తీరు చూస్తే, నీటి దారిలో పట్టణం విస్తరించినంత కాలం ఈ ప్రమాదం తీరదని తెలుస్తుంది. పనికి దగ్గరగా, చవకగా దొరికే జాగా తరచు పల్లపు జాగాయే కావడంతో, ముంపు నష్టంలో పెద్ద వాటా కూలీ కుటుంబాల మీదనే పడుతున్నది.

నీటి కోసం ఊళ్లు కదలడమంటే ఏమిటో ఈ జిల్లాకు తెలుసు. 50 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించి 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించిన మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ వంటి గ్రామాలు మునిగిపోగా, నిర్వాసితులకు గజ్వేల్ సమీపంలో పునరావాస కాలనీ ఏర్పడింది. ఊరు కదిలినప్పుడు పాత పెంకుటిల్లును విప్పితే దూలాలు, వాసాలు, తలుపులు, పెంకులు మరో ఇంటికి పనికివచ్చేవి. స్లాబు ఇల్లు కూలితే మిగిలేది శిథిలాల కుప్ప. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు చోటు మారగానే శిథిలంగా మారకూడదన్న ఆలోచన నుండి ఈ ప్రణాళిక పుట్టింది.

నిర్వచనం

విడివిడిగా తయారై, బోల్టులతో జతపడి, అవసరమైనప్పుడు విప్పి మరోచోట బిగించగల గదుల సముదాయమే మాడ్యులర్ ఇల్లు. కదలిక అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. వరద వచ్చిన గంటల్లో ఇల్లు నీటికి పైన నిలవడం లేదా కట్టివేసి ఉన్నచోటనే తేలడం మొదటిది. ముంపు రేఖ మారినప్పుడు, పునరావాసం తప్పనిసరి అయినప్పుడు ఎండాకాలంలో తీరికగా విప్పి తరలించడం రెండవది. వాన ముంచుకొచ్చాక ఇంటిని లారీకెక్కించడం సాధ్యమని చెప్పే ఏ పథకాన్నైనా ఈ ప్రణాళిక రచించిన బృందం మోసంగానే పరిగణిస్తుంది.

సూత్రాలు

1. నీటి జాగా నీటిదే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలన్న నిర్మాణ నిబంధన కదిలే ఇంటికి కూడా వర్తించాలి. ఇల్లు కదులుతుంది గనుక శిఖంలో పెట్టవచ్చన్న వాదనను ఈ బృందం అంగీకరించదు.

2. ఇల్లు కదలవచ్చు, హక్కు కదలరాదు. కదిలే ఇంటిని తాత్కాలిక గుడారంగా లెక్కగట్టి, ఎప్పుడంటే అప్పుడు తొలగించే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఇంటి యాజమాన్యం భార్యాభర్తల ఉమ్మడి పేరిట ఉండాలి. ఇల్లు విప్పకముందే దానిని బిగించబోయే ఎత్తైన జాగా పట్టా చేతికందాలి. ఆ జాగా పనికి, బడికి, రేషన్ దుకాణానికి అందుబాటులో ఉండాలి.

3. కొలతను దారి నిర్ణయించాలి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీ మొత్తం వెడల్పు 2.6 మీటర్లు దాటరాదు గనుక గది వెడల్పు సుమారు ఎనిమిది అడుగులే అవుతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు గల పెట్టె 160 చదరపు అడుగులు. అటువంటి మూడు జతపడితే 480 చదరపు అడుగుల ఇల్లు, కుటుంబం పెరిగితే నాలుగోది. ఇరుకు గదిని ఇల్లని పిలవకుండా ఉండాలంటే పక్క గోడ తెరుచుకొని రెండు పెట్టెలు ఒకే గది కాగలగాలి.

4. తేలికదనమే ప్రమాదం కారాదు. పై కొలత గల పెట్టె అడుగు వైశాల్యం దాదాపు 15 చదరపు మీటర్లు. అది ఐదు టన్నుల బరువుండి లోనికి నీరు చొరకపోతే, మూడోవంతు మీటరు నీటికే లేచి తేలుతుంది. కట్టు లేని ఇల్లు ప్రవాహంలో పొరుగింటిని ఢీకొంటుంది. నెదర్లాండ్స్‌లోని మాస్‌బొమ్మెల్‌లో నిలువు స్తంభాల వెంట పైకీ కిందికీ జారే ఇళ్లు దీనికొక మార్గం చూపాయి. అయితే నిలకడగా పెరిగే నీటికి పనికివచ్చే ఆ పద్ధతి, వేగంగా దూకే మత్తడి నీటికి చాలదు. ఇక్కడ తొలి మార్గం మంచె: కావలికాడు చేను మీద కట్టుకున్నట్లు ఇంటిని కాళ్ల మీద ఎత్తి నిలిపి, అడుగున నీటికి దారి వదలడం.

5. అతుకు అందుబాటులో ఉండాలి. 1960లో టోక్యోలో మెటబాలిజం పేరిట ప్రణాళిక ప్రకటించిన వాస్తుశిల్పులలో ఒకరైన కిషో కురొకావా, 140 గదులను ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చన్న ఊహతో 1972లో నకాగిన్ భవనాన్ని కట్టాడు. ఒక్క గది కూడా మార్చకుండానే 2022లో దానిని విప్పివేశారు. పక్క గదులను కదపకుండా ఒక గదిని తీయలేకపోవడం గదులు మార్చకపోవడానికి ఒక కారణం. కనుక ప్రతి బోల్టూ ఊరి వెల్డింగ్ షాపు మేస్త్రీ విప్పి బిగించగలిగేదై ఉండాలి.

6. ఎండను మరచిన ఇల్లు ఇల్లు కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఒట్టి రేకు పెట్టె నివాసయోగ్యం కాదు. రెండు పొరల పైకప్పు, ఎదురెదురు కిటికీలు, ముందు నీడనిచ్చే వసారా విలాసాలు కావు.

కోరికలు, కట్టుబాట్లు

2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయల సాయం బేస్‌మెంట్, గోడలు, స్లాబు వంటి దశలను బట్టి విడుదలవుతుంది. స్లాబే లేని ఇంటికి ఆ దశలు వర్తించవు గనుక, స్తంభాలు నాటడం, గదులు బిగించడం, నీరు, కరెంటు కలపడం అనే దశలను కూడా గుర్తించాలని ఈ బృందం ప్రభుత్వాన్ని కోరుతున్నది. వార్డువారీగా నీటి దారుల పటాన్ని మునిసిపాలిటీ తెలుగులో ముద్రించి గోడకు అతికించాలి. ప్రతి వార్డుకూ ఎత్తైన జాగాను, అక్కడ మురుగు కాలువను, నీటి కుళాయిని, కరెంటు స్తంభాన్ని ముందుగానే సిద్ధం చేయాలి.

తన వంతుగా ఈ బృందం ఏ కుటుంబాన్నీ ఒప్పించే ముందు ఒక నమూనా ఇంటిని కట్టి, ఒక వేసవి, ఒక వానాకాలం అందులో నివాసముండి చూసి, విప్పి మరోచోట బిగించి, అందుకైన ఖర్చును, విరిగిన భాగాలను, కారిన అతుకులను వార్డు సభలో బయటపెడుతుంది. ఆ లెక్క చూసిన తరువాత పల్లపు జాగాలో నివసించే కుటుంబాలు వద్దంటే, వారి మాటే చెల్లుతుంది.