ఇంటికింత అని వసూలు చేస్తే నేనివ్వను

నేను చదివింది తమిళ బడిలో. రాతలో తప్పుంటే సర్దుకోండి, లెక్కలో తప్పుంటే మాత్రం నిలదీయండి.

పోయిన ఆదివారం మీటింగులో మన వీధుల కరెంటు తీగల్ని భూమిలో వేయించాలని తీర్మానం చేశాం. మంచిదే. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు ఎన్ని రాత్రులు చీకట్లో కూర్చున్నామో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఆ వెంటనే ఒక తమ్ముడు లేచి, ఇంటికింత అని అందరం సమంగా వేసుకుందాం అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

గూడ్సు ఆఫీసులో రసీదులు రాసి బతికినవాణ్ణి నేను. బరువు, దూరం చూడకుండా కిరాయి వేసుంటే ఆడిట్‌లో నా పని అయిపోయేది. మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల షాపుకీ, సందులో రెండు గదుల రేకుల ఇంటికీ ఒకే కిరాయా?

అమెరికాలో కాలిఫోర్నియా ఊళ్లల్లో ఈ పని ఎలా చేస్తారో చూడండి. తీగలు పోయే వీధులకు హద్దు గీస్తారు. ఏ స్థలానికి ఎంత మేలో ఇంజినీరు లెక్క కట్టి రాసిస్తాడు. యజమానులకు ఓటు చీటీలు పంపుతారు. 1996లో ప్రొపొజిషన్ 218 వచ్చాక, వద్దన్నవాళ్ల వైపు బరువెక్కువైతే పని ఆగిపోవాల్సిందే. ఒప్పుకుంటే ఊరు బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది, ఇంటివాడు ఏటా ఇంటిపన్నుతోపాటు కంతు కడతాడు. అందులోనూ నాకు నచ్చనిది ఉంది. ఎక్కువ కట్టేవాడి ఓటుకు ఎక్కువ బరువు. అద్దెకున్నవాడికి మామూలుగా చీటీయే రాదు, అద్దె పెరిగితే మోసేది మాత్రం అతనే.

అమెరికా కథలు మనకెందుకంటారా? ఆలందూరులో భూగర్భ డ్రైనేజీకి ఇంటికి 5,000 చొప్పున జనమే డిపాజిట్ కట్టారు. అక్కడా ఇళ్లకు ఒకే రేటే కదా అనొచ్చు. నిజమే, కానీ వ్యాపారాలకు ఎక్కువ వేశారు. చిన్న ఊళ్లు బాండ్లు అమ్మలేవన్న మాటా చెల్లదు. 2002–03లో తమిళనాడులో 13 చిన్న ఊళ్లు కలిసి, నీళ్లకూ డ్రైనేజీకీ ఉమ్మడి నిధి పేరుతో 30 కోట్లకు పైగా తెచ్చుకున్నాయి. సర్కారే చేస్తుందిలే అంటారు కొందరు. విశాఖలో చేసింది, హుద్‌హుద్ తర్వాత, ప్రపంచ బ్యాంకు అప్పుతో. మనకూ అంత తుఫాను రావాలా?

అసలు చిక్కు వేరే ఉంది. స్తంభం కరెంటు సంస్థది, ఇంటిపన్ను పేరూరాట్చిది. మనం ఎత్తిన డబ్బు ఎవరికిస్తాం? పని సగంలో ఆగితే ఎవరు తిరిగిస్తారు? వీధి నుంచి మీటరు దాకా వేసే తీగ ఖర్చు ఎవరిది? మీటింగులో ఒక్కరూ అడగలేదు. ఒకప్పుడు వేరే కాలనీలో కాలువ పనికని ఇచ్చాను నేను. కాలువా లేదు, రసీదూ లేదు.

ముందు కరెంటు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఎస్టిమేటు తెద్దాం. తర్వాత ప్రతి ఇంటి ముందు వెడల్పు, వాడకం రాసి జాబితా వేద్దాం, అద్దెవాళ్లనూ పిలుద్దాం. మా ఇంటి వెడల్పు ఇరవై రెండు అడుగులు. నమ్మకం లేకపోతే కొలుచుకోండి, టేపు నేనే తెస్తాను.