రెండంగుళాలే కదా!

"రెండంగుళాలే కదా మేడమ్, ఏముంది ఇందులో!" అన్నాడు మెకానిక్. పక్కన మావారూ మా అబ్బాయీ తలలూపారు. ఇంట్లో పెద్ద గొడవలన్నీ ఇలాంటి చిన్న మాటతోనే కదా మొదలయ్యేది!

మాది గన్‌ఫౌండ్రీ. ఇంట్లో పాత మారుతి జిప్సీ ఉంది. ఆదివారాలు మా అబ్బాయి దాన్ని అనంతగిరి వైపు మట్టిదారుల్లో తిప్పుతాడు. మిగతా రోజుల్లో అదే బండి మా అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెద్ద టైర్లు వేస్తే బాడీకి తగులుతాయి కాబట్టి బాడీని పైకి లేపాలన్నారు. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య నైలాన్ దిమ్మెలు పెట్టి, పొడవాటి బోల్టులు బిగిస్తే అయిపోతుందన్నారు.

అయిపోలేదు. బాడీ పైకి లేచింది. ఇంజను, గేర్‌బాక్సు, పెట్రోలు ట్యాంకు మాత్రం ఛాసిస్ మీదే ఉండిపోయాయి.

వారం తిరక్కుండా వెనక సీట్లో పెట్రోలు వాసన. ముందు పసిగట్టింది అత్తయ్యే. "పాత బండి, అంతేలే అమ్మా" అన్నారు మావారు. గ్యాస్ వాసన వస్తే స్టవ్ జోలికి పోకుండా కిటికీలు తెరిచే ఆడవాళ్ళం, దీన్నెలా వదిలేస్తాం? పట్టుబట్టి వేరే మెకానిక్‌కి చూపించాను. పెట్రోలు పోసే మూత బాడీకి ఉంది, ట్యాంకు కింద ఉంది. మధ్య గొట్టం సాగి జాయింటు వదులైంది.

అసలు చేయాల్సిన పనులు ఆయన చెబితే తెలిశాయి. స్టీరింగ్ షాఫ్టుకి పొడిగింపు కావాలి. గేరు లివరు నేల రంధ్రం అంచుకి తగిలితే గేరు పూర్తిగా పడదు, పడినా జారిపోవచ్చు. బ్రేకు పైపుల మీద లాగుడు ఉండకూడదు. రేడియేటర్ బాడీతో పాటు లేస్తే ఫ్యాను దాని చుట్టూ ఉన్న తొడుగుకి తగులుతుంది. హోస్‌లు, క్లచ్ కేబులు, ఎర్త్ వైరు అన్నీ చూడాలి. హెడ్‌లైట్లు కిందికి దించి సరిచేయాలి. ఇందులో మాకు చేసినది ఒక్కటీ లేదు!

ఇంత చేసినా బాడీ లేపినందువల్ల ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ ఒక్క అంగుళం కూడా లేవదు. రాయి తగిలేది దానికే. అది లేచేది పెద్ద టైర్ల వల్ల, అదీ కొంచెమే. బరువు మాత్రం పైకి జరుగుతుంది, మలుపుల్లో బండి ఎక్కువ ఊగుతుంది. మోకాళ్ళ నొప్పుల అత్తయ్య ఆ ఎత్తు ఎలా ఎక్కాలో ఎవరూ అడగలేదు.

చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

"బండి సంగతి నీకేం తెలుసు?" అంటారు. ఇంజను విప్పడం నాకు తెలియదు. అందులో కూర్చునేది నేను, నా అత్తయ్య, నా పిల్లలు. అడగడానికి ఆ అర్హత చాలదా? మా పేట నిజాం కాలంలో ఫిరంగులు పోత పోసిన చోటు. పోత సరిగ్గా కుదరని ఫిరంగి పేల్చినవాడి మీదే పేలుతుంది. సగం పనీ అంతే.

సరదా వద్దనడం లేదు నేను. కొండలెక్కాలనుంటే దానికి వేరే బండి, వేరే చోటు చూసుకోండి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి మీద ప్రయోగాలొద్దు. మాది మళ్ళీ దించేశాం. ఆ నైలాన్ దిమ్మెలు ఇప్పుడు బాల్కనీలో నా పూలకుండీల కింద ఉన్నాయి.

2023లో వచ్చిన జిమ్నీ కూడా ఛాసిస్ మీద విడిగా బాడీ ఉన్న బండే. మీ ఇంట్లోనూ "రెండంగుళాలే కదా" అనే మాట వినిపించవచ్చు. అప్పుడు ఊరుకోకండి. "స్టీరింగ్‌కి ఏం చేస్తున్నారు? బ్రేకు పైపులకి? పెట్రోలు గొట్టానికి? ఆర్‌సీ సంగతేంటి?" అని అడగండి. జవాబు తడబడితే తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి.