దివిసీమకు రైలేది?

బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు 1908వ సంవత్సరమున రైలుమార్గ మేర్పడెను. నాటినుండి గుడ్లవల్లేరు, కవుతరము, పెడన, చిలకలపూడి వంటి చిన్న స్టేషనులు చేసిన సేవ సామాన్యమైనది కాదు. కలంకారి పనివారి పెడనకును, రోల్డుగోల్డు నగల చిలకలపూడికిని, పాండురంగని దర్శింపవచ్చు యాత్రికులకును అవియే వాకిళ్లు. అవనిగడ్డ కట్టి వాకిలి యేది?

పట్టాలు బందరుతోనే ఆగిపోయినవి. కృష్ణ కావలి యొడ్డున రేపల్లెకు తెనాలినుండి రైలు గలదు. ఈ రెండు కొసల నడుమనున్న దివిసీమకు మాత్రము లేదు. ప్రజలు దశాబ్దములుగా మొరపెట్టుచునే యున్నారు.

రాబడి చాలదని కొందరందురు. పట్టాలే లేనిచోట టిక్కెట్ల లెక్క యెట్లు తీయుదురు? ధాన్యమును, చేపలును, రొయ్యలును లారీలపై తరలుచుండగా సరకు లేదనుట న్యాయమా? 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వేలాది ప్రాణములను గోలుపోయిన సీమ యిది. ఆపదవేళ సాయమును చేర్చు మార్గమును లాభనష్టముల తక్కెడలో తూచరాదు.

2023లో బందరు రేవు నిర్మాణ మారంభమైనది. ఒక్క దిక్కునకే పోవు రైలుతో రేవు వర్ధిల్లునా? మేము కోరునది దయ కాదు, న్యాయము. కాగితములపై మాటలు చాలును. ఇక పట్టాలు నేలపై కనబడవలెను. బందరు పౌరులును దివిసీమవాసులును ఏకకంఠముతో అడుగుదురు గాక!