గుమ్మం ముందరి వీరులు

వీరుడనే మాటకు పలనాటిలో ఉన్న విలువ వేరు. దాచేపల్లి పక్కగా కృష్ణకు పోయే నాగులేరు ఎగువన కారంపూడిని తాకి వస్తున్నది. అక్కడి వీరుల గుడిలో ఆయుధాలకు నేటికీ పూజ జరుగుతున్నది. అట్టి సీమలోని యువకుడొకడు చదువు ముగించి, పొందుగుల వద్ద కృష్ణ వంతెన దాటి హైదరాబాదు చేరినాడనుకొందాము. అక్కడి మద్యశాలల వాకిట నల్లని దుస్తులతో నిలిచిన దృఢకాయులను చూచి, ఆ కొలువులో కూడా ఏదో వీరత్వమున్నదని అతడు భ్రమపడితే ఆశ్చర్యం లేదు. లోకం వారిని బౌన్సర్లంటున్నది. ఆ భ్రమకు రంగులద్దినవి సినిమాలు.

వాటిలో పేరుపడినది 'రోడ్ హౌస్' అనే అమెరికా చిత్రం. 1989లో వచ్చిన యీ చిత్రంలో నాయకుడు డాల్టన్. ఆ పాత్ర ధరించినవాడు పాట్రిక్ స్వేజీ. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి మద్యశాలలో నిత్యం జరిగే కొట్లాటలను అణచడానికి యజమాని ఇతనిని పిలిపిస్తాడు. చిత్రమేమంటే, యితడు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవాడు! (మన పట్టభద్రులకు యీ వివరం కొంత ఊరట కావచ్చును.) తన క్రిందివారికి అతడు చేసే బోధ కూడా మంచిదే. ఎదుటివానిని తక్కువగా అంచనా వేయరాదు. తగవును లోపల పెరగనీయక బయటికి తీసుకొనిపోవలె. తప్పనిసరి అయ్యేదాకా మర్యాద విడువరాదు. ఆ వృత్తి రహస్యమంతా అందులోనే ఉన్నది. కాని కథ సాగినకొద్దీ బోధ అడుగంటుతుంది. బోధకుడే ఒకని గొంతు చీల్చి చంపుతాడు. ఊరిని పీడించే ధనికుణ్ణి చివరకు ఊరివారే కాల్చి, తుపాకులు దాచివేస్తారు. రక్షకభటులు వచ్చి అడిగితే ఎవరూ ఏమీ చూడలేదు! ఇట్టి ముగింపుకు ప్రేక్షకుడు చప్పట్లు కొట్టడం ఆలోచింపదగిన విషయం.

2006లో దీనికి రెండవ భాగం నేరుగా వీడియోగా వెలువడినది. దాని ప్రస్తావన ఇంతటితో చాలు. 2024లో డగ్ లైమన్ దర్శకత్వాన మూలచిత్రమే తిరిగి నిర్మితమై, థియేటర్ల దారి పట్టక అంతర్జాలం ద్వారా తిన్నగా ఇండ్లకు వచ్చినది. యీసారి డాల్టన్ (జేక్ జిల్లెన్‌హాల్) తాత్త్వికుడు కాదు, బరి విడిచిన మల్లుడు. తన చేత తన్నులు తిన్న దుండగులను తానే బండిలో ఆసుపత్రికి చేర్చే ఘట్టం హాస్యంగా, అందంగా ఉన్నది. అతనికి ప్రతిద్వంద్విగా మాత్రం నిజమైన మల్లుడు కానర్ మెక్‌గ్రెగర్‌నే తెచ్చి నిలిపారు. ముప్పదియైదేండ్లలో మారినది ఇదే: కొట్టకుండా నిలుపగలగడమే విద్య అన్న మాట మరింత వెనుకబడి, కొట్టడమే విద్య అయినది.

తెరమీది మాట అట్లుండగా, మన దేశంలో ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లోనే వచ్చినది. సంస్థకు లైసెన్సు, కాపలాదారుకు శిక్షణ తప్పనిసరి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు 100 గంటల పాఠం, 60 గంటల క్షేత్రశిక్షణ విధించి, దేహదారుఢ్యంతోపాటు ప్రజల యెదుట మెలగవలసిన తీరును, జనసమ్మర్దాన్ని అదుపు చేసే పద్ధతిని కూడా అందులో చేర్చినవి. కండలు పెంచుకొంటే చాలునని పట్నానికి బయలుదేరే విద్యార్థికి యీ సంగతి చెప్పేవారెవరు?

జనసమ్మర్దమంటే ఏమో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద తెలిసివచ్చినది. 'పుష్ప-2' ముందస్తు ప్రదర్శనకు కథానాయకుడు స్వయంగా రాగా, తొక్కిసలాటలో ఒక తల్లి మరణించినది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడినాడు. ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసినది న్యాయస్థానం. కాని నటుని చుట్టూ ఉన్న బౌన్సర్ల తీరు మీద అప్పుడు పెద్ద చర్చ సాగినది. మద్యశాల ద్వారం కాచే కొలువు అభిమానికీ నటునికీ మధ్య గోడగా పెరిగినదన్నమాట.

భాగవతంలోని జయవిజయులు కూడా ద్వారం కాచినవారే. సనకాదులను అడ్డగించి శాపం పొందారు. తరగతిలో ఆ కథ తరచు అక్కడితో ఆగిపోతుంది. తరువాత జరిగినది మరింత ముఖ్యం: విష్ణువు తానే నడచి వాకిటికి వచ్చి, సేవకుల తప్పు ఏలిక తప్పేనని మునులతో ఒప్పుకొంటాడు. 2024 డిసెంబరులోనే హైదరాబాదు పోలీసు కమిషనరు బౌన్సర్లను హెచ్చరిస్తూ, జనాన్ని నెట్టినా, యూనిఫారంలో ఉన్న పోలీసుల మీద చేయి వేసినా సహించబోమని, వారి నడతకు వారిని వెంట పెట్టుకొన్న ప్రముఖులు కూడా బాధ్యులేనని ప్రకటించారు.