కాగితం ఉన్నవాడే రైతా?

నేనుండే జంషెడ్‌పూర్ దాటితే పటమ్దా, పోట్కా పొలాలు. 2019లో జార్ఖండ్ ప్రభుత్వం కృషి ఆశీర్వాద్ తెచ్చింది. ఐదెకరాల రైతుకు 25,000 రూపాయలు, ఎకరా రైతుకు 5,000, భూమిలేని దళిత కూలీకి సున్నా. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 కూడా భూమి ఉన్న కుటుంబాలకే. తెలంగాణ రైతుబంధు కౌలురైతును వదిలేసింది. భూమి ఎవరికి దక్కిందో సాయమూ వారికే!

కూలీల లెక్క దొరకదన్న సాకు చెల్లదు. ఉపాధి హామీ పనిదినాల ఆధారంగానే తెలంగాణ 2025లో భూమిలేని కూలీ కుటుంబాలకు ఏటా 12,000 ప్రకటించింది. జార్ఖండ్‌కూ ఆ దారి ఉంది. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అన్న తేడాలే లేని వ్యవసాయాన్ని అంబేడ్కర్ 1947లోనే ప్రతిపాదించారు. కనీసం సాయాన్నైనా పట్టాకు కాక శ్రమకు ముడిపెట్టాలి. పరిశోధనల్లో ‘రైతు’ అని రాసే ముందు మనమూ అడగాలి: ఏ రైతు?