మన పోస్టులో ఎవరు కూర్చున్నారు?



మేం హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. చిన్నప్పుడు బడిలో సారు చెప్పేది మాకు, మేం మాట్లాడేది సారుకి అర్థమయ్యేది కాదు.

ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక మనకు మిగిలింది ఎస్టీ రిజర్వేషన్ పోస్టులే. వాటిల్లోకి కూడా కొందరు దొంగ ఎస్టీ సర్టిఫికెట్లతో దూరుతున్నారు. అంతటితో ఆగదు. ప్రమోషన్ల దగ్గర ఎస్టీ రోస్టర్ పాయింట్ కూడా వాళ్లకే పోతుంది. ఒక్క దొంగ కాగితంతో, రిటైరయ్యే దాకా మన బిడ్డ కుర్చీ పోయినట్టే.

"ఆఫీసులు వాళ్లవి, మనమేం చేయగలం" అంటారు పెద్దోళ్లు. చేయగలం. 1993 నాటి 16వ చట్టం ప్రకారం దొంగ సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కలెక్టర్‌కి ఉంది. అలా వచ్చిన ఉద్యోగం నిలవదని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఒక్క మాట. అనుమానంతో ఎవరి పేరూ గ్రూపుల్లో పెట్టొద్దు. ఇంటిపేరు చూసి తేల్చేస్తే నిజమైన మనోళ్లే నలిగిపోతారు. సమాచార హక్కు కింద మన మండలం రోస్టర్ వివరాలు అడుగుదాం. ఊరి పెద్దలకి చూపిద్దాం. తేడా ఉంటే గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టర్‌కి ఇచ్చి, రసీదు తీసుకుందాం.

మన అయ్యలు వేలిముద్ర వేసి వచ్చిన ఆఫీసుకే మనం అర్జీ రాసుకుని పోదాం.

జై ఆదివాసీ!